తండ్రి పోయాక అమ్ముడుపోయే గిత్తల గురించి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారికి, రాష్ట్ర వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల మంత్రివర్యులకు,

బండలాగుడు పోటీలకు గిత్తలను పెంచిన రైతు కన్నుమూస్తే ఆ జత ఏమవుతుందన్నది ఈ లేఖలో విషయం. మంత్రి దాకా తీసుకెళ్ళదగిన సంగతేనా ఇది అని ఎవరికైనా అనిపించవచ్చు. పల్నాడు, గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఇది ఎప్పుడూ జరిగేదే. జరుగుతున్న తీరు వల్ల మాత్రం ఇటు ఆ కుటుంబమూ నష్టపోతోంది, అటు ఒంగోలు జాతీ నష్టపోతోంది. తండ్రి పెంచిన జతను కొడుకో కూతురో అమ్ముకోవడం తప్పు కాదు, చాలా ఇళ్ళలో వేరే దారి కూడా లేదు. నా బాధల్లా ఒక్కటే. గిత్త చేతులు మారుతోంది గాని దాని పుట్టుపూర్వోత్తరాలు చేతులు మారడం లేదు. అవి పోయిన మనిషితోనే పోతున్నాయి. పోటీలో దిగిన ప్రతి గిత్తకూ, దాని చెవి ట్యాగు నంబరుతో ముడిపెట్టి, మొదట వారసుల పేరుకూ ఆ తర్వాత కొన్నవారి పేరుకూ మారే ఒక పాస్ పుస్తకం మీ శాఖ ఇవ్వాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ రోజుల్లో మగదూడను ఇంట్లో ఉంచుకునేది ఎవరో ముందు చూడాలి. ముప్పాళ్ళ మండలంలో గాని, పక్కనున్న సత్తెనపల్లి, నకరికల్లు వైపు గాని మిరప, పత్తి, కాలువ పారే చోట వరి పండుతాయి. దుక్కి ట్రాక్టరుది, తోలకం ట్రాలీది. అరక కట్టే ఇల్లు వెతుక్కోవలసిందే. దేశం మొత్తం మీద లెక్క కూడా ఇదే చెబుతోంది. 2012 పశుగణనలో ఆవు జాతి మగ పశువులు దాదాపు 6.79 కోట్లు ఉంటే, 2019 గణన నాటికి 4.74 కోట్లకు దిగాయి. ఏడేళ్ళలో ముప్పై శాతం తగ్గుదల. అదే కాలంలో ఆడ పశువులు పద్దెనిమిది శాతం పెరిగాయి. ఆడదూడలే పుట్టేందుకు లింగ నిర్ధారిత వీర్యాన్ని ప్రభుత్వమే రాయితీ మీద ఇస్తోంది. పాడి రైతుకు అది మేలు, కాదనను. కానీ ఈ లెక్కన ఒంగోలు గిత్తను పాలు మరిచిన నాటి నుంచి అయిదారేళ్ళ వయసు వచ్చేదాకా మేపి, తోమి, నడిపించి, ఉలవలు పెట్టి పోషించే మనిషి ఎవరు మిగిలారు? ప్రభుత్వ క్షేత్రాలను పక్కన పెడితే, బండలాగుడు మీద మక్కువ ఉన్న రైతే మిగిలాడు. లాంలో పశు పరిశోధన కేంద్రం ఉంది, చదలవాడలో పశుక్షేత్రం ఉంది. అవి చేసే పని విలువైనదే. అయితే ఊళ్ళలో, కొట్టాల్లో మగ ఒంగోలు పశువు ఇంకా కనబడుతోందంటే అందుకు పోటీలే ప్రధాన కారణమని నేను నమ్ముతున్నాను.

పోటీ ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు, అయినా నా వాదన దాని మీదే ఆధారపడింది కాబట్టి రెండు మాటలు చెబుతాను. సంక్రాంతికీ, కోటప్పకొండ తిరునాళ్ళకీ, ఉగాదికీ, శ్రీరామనవమికీ, ఊరి దేవుడి కొలుపులకీ కమిటీలు పందెం కడతాయి. వరస పళ్ళను బట్టి ఉంటుంది: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్, సీనియర్ విభాగాలు. పందేనికి ముందు గిత్త పై పెదవి, కింది పెదవి విడదీసి పళ్ళు చూస్తారు. వివాదం వస్తే నలుగురు పెద్దలు మళ్ళీ చూస్తారు. విభాగాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. గీసిన బాట మీద అటూ ఇటూ తిప్పుకుంటూ, ఇచ్చిన గడువులో జత ఎంత దూరం లాగిందో టేపు పెట్టి అడుగుల్లో, అంగుళాల్లో కొలుస్తారు. ఒక్కో సారి మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య తేడా కొన్ని అంగుళాలే. అంత కచ్చితంగా కొలిచిన ఆ అంకె చివరికి ఎక్కడికి పోతుందంటే, మైకులో వినిపిస్తుంది, మర్నాడు పత్రిక జిల్లా పేజీలో యజమాని పేరు, ఊరి పేరుతో నాలుగు వరసలు వస్తాయి. అంతే. ఆ పత్రిక మూడో రోజుకు పాత కాగితాల్లో కలుస్తుంది. కమిటీ పుస్తకం మరుసటి ఏడాది కమిటీ మారగానే ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ నాలుగు వరసల్లోనూ మనిషి పేరే ఉంటుంది తప్ప గిత్త ఎవరి మందలో పుట్టింది, ఏ ఆవు కొడుకు, ఏ ఆంబోతు దూడ అన్న మాట ఉండదు.

అదంతా యజమానికి తెలుసు. ఫలానా ఊళ్ళో ఫలానా వారి ఆవుకు పుట్టింది, దాని అన్నదమ్ముడు కూడా పందెం లాగాడు, వీడు ఎలపటకు తప్ప దాపటకు రాడు, రెండో తిప్పు దాకా మందంగా ఉండి అప్పుడు అందుకుంటాడు, ముందు కుడికాలి గిట్ట ఒకసారి చీలి మానింది, గట్టి నేల మీద జాగ్రత్త. ఇదంతా ఆయన నోట్లో ఉంది. తోలేవాడికి కొంత తెలుసు, పాలేరుకు కొంత తెలుసు. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. ఎనిమిది పళ్ళు పూర్తిగా వచ్చాక నోరు చూసి వయసు కచ్చితంగా చెప్పడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టమే, అరుగుదలను బట్టి అంచనా వేయవలసిందే. ఆరేళ్ళ గిత్తకూ తొమ్మిదేళ్ళ గిత్తకూ అమ్మకంలో ఎంత తేడా ఉంటుందో సంతకు వెళ్ళిన ఎవరిని అడిగినా చెబుతారు. ఆ తేడాను రుజువు చేసే పుట్టిన తేదీ చనిపోయిన మనిషి జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు.

ఇక అమ్మకం సంగతి. పెద్దకర్మ అయీ అవకముందే కబుర్లు మొదలవుతాయి. కొడుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ ఉంటాడు, కూతురు అత్తవారింట ఉంటుంది. తల్లి ఒక్కతే ఆ రెండు గిత్తల ముందు నిలబడి ఉంటుంది. పందెపు గిత్తను మామూలు ఎద్దులా గడ్డి వేసి వదిలేయడానికి లేదు. దానికి రోజూ దాణా కావాలి, నడక కావాలి, పట్టుకోగల చేయి కావాలి. కొత్తవారిని దగ్గరికి రానివ్వని గిత్తలూ ఉంటాయి. రోజులు గడిచే కొద్దీ ఖర్చూ భయమూ పెరుగుతాయి, ధర తగ్గుతుంది. ఇది తెలిసిన బేరగాడు తొందరపడడు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని ధర మాట్లాడుకునే పద్ధతి మన సంతల్లో ఇప్పటికీ ఉంది. పక్కనే నిలబడ్డ వారసుడికి కూడా ఎంతకు తెగిందో చివరిదాకా తెలియదు. కొనేవాళ్ళకు ఆ జత చరిత్ర తెలుసు, ఎన్నో పందేల్లో చూసి ఉంటారు. తెలియనిది అమ్మేవారికే. సరుకు గురించి కొనేవాడికి ఎక్కువ, అమ్మేవాడికి తక్కువ తెలిసిన వ్యాపారం ఇదొక్కటేనేమో.

జతలో ఇంకో చిక్కుంది. ఇప్పుడు పోటీల్లో చాలా జతలు కంబైన్డ్ జతలు, అంటే ఒక గిత్త ఒకరిది, రెండోది మరొకరిది. బహుమతి డబ్బు ఎలా పంచుకోవాలి, ఖర్చు ఎవరెంత పెట్టాలి, ఒకరు అమ్మదలిస్తే రెండోవారికి ముందు అడగాలా అన్నవన్నీ నోటిమాట ఒప్పందాలు. ఒకరు పోయారంటే ఆ ఒప్పందానికి సగం సాక్ష్యం పోయినట్టే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం చూస్తే పొలం లాగే పశువు కూడా ఆస్తే. తండ్రి వీలునామా రాయకుండా పోతే భార్యకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ సమాన వాటా ఉంటుంది. పొలం విషయంలో కూతురు సంతకం లేకుండా రిజిస్ట్రేషన్ జరగదని ఇప్పుడు ఊళ్ళో అందరికీ తెలుసు. లక్షలు పలికే గిత్తల జత విషయంలో మాత్రం ఆ అమ్మాయిని అడిగేవారే ఉండరు. అడగాలన్నా ఏ కాగితం చూపించి అడగాలి?

పోటీలో పరుగెత్తిన యంత్రమైనా, పశువైనా దాని విలువలో సగం అది చేసిన పనికి ఉన్న రుజువులో ఉంటుంది. ఈ సంగతి లోకం మరో చోట బాగా అర్థం చేసుకుంది. అమెరికాలో డ్రాగ్ రేసులని ఉన్నాయి. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నని బాట మీద పావు మైలు, అంటే 1,320 అడుగులు, ఎవరు ముందు దాటితే వారిది గెలుపు. బలాన్ని తిన్నని బాట మీద కొలవడమన్న మట్టుకు మన బండలాగుడుకు అది దూరపు చుట్టమే. అక్కడ 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన జాతీయ స్థాయి సంఘం పెట్టి, విభాగాలు, నియమాలు, కొలతలు ఒక పద్ధతిలోకి తెచ్చారు. కారు పరుగెత్తిన ప్రతిసారీ ఎంత సమయం పట్టింది, చివరన ఎంత వేగం అందుకుంది అన్నది ముద్రించిన చీటీ డ్రైవరు చేతికిస్తారు. ఆ చీటీలు, మరమ్మతుల లెక్కలు, ఫొటోలు యజమాని దగ్గర కట్టలుగా ఉంటాయి. ఆయన పోయాక పిల్లలు ఆ పాత కారును అమ్మకానికి పెడితే, కొనేవాడు ముందు అడిగేది ఆ కట్టనే. అది ఉంటే ఒక ధర, లేకపోతే తుప్పు పట్టిన ఇనుము ధర. డాన్ గార్లిట్స్ అనే ప్రసిద్ధ డ్రైవరు తన కార్లను ఏదో ఒకలా పోనివ్వకుండా ఫ్లోరిడాలోని ఒకాలాలో 1984లో మ్యూజియం తెరిచారు. ఆయన నడిపిన స్వాంప్ ర్యాట్ 30 అనే కారును 1987లో అమెరికా జాతీయ మ్యూజియమే, స్మిత్‌సోనియనే, తీసుకుంది. కారుకు ప్రాణం లేదు, పిల్లలు పుట్టవు. అయినా దాని చరిత్రను అంత శ్రద్ధగా దాచుకున్నారు. మన గిత్తకు ప్రాణముంది, సంతానముంది, అది మోసుకొచ్చే రక్తంలో తరతరాల రైతుల ఎంపిక ఉంది. దాని దగ్గర చీటీ కూడా లేదు.

అమెరికా దాకా ఎందుకు, మన దేశంలోనే చూడండి. తండ్రి పేరున ఉన్న మామూలు కారును కూడా మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం పెట్టి రవాణా శాఖలో మన పేరుకు మార్చుకుంటాం, తర్వాతే అమ్ముతాం. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న పాత వాహనాలకైతే కేంద్రం 2021 జూలైలో ప్రత్యేక నియమాలే తెచ్చింది. వాటికి వీఏ అనే అక్షరాలతో వేరే నంబరు పలక, పదేళ్ళకు రిజిస్ట్రేషను, అమ్మినప్పుడు పేరు మార్పిడికి ఒక పద్ధతి. పొలానికి పట్టాదారు పాస్ పుస్తకం ఉంది. మలక్‌పేటలో పరుగెత్తే పందెపు గుర్రానికి తాతముత్తాతల దాకా వంశావళి పుస్తకంలో నమోదై ఉంటుంది. ఒంగోలు గిత్తకు మాత్రం చెవికి వేలాడే పసుపు ట్యాగు ఒక్కటే ఆధారం.

ఆ ట్యాగు తక్కువదేమీ కాదు, నేను అడుగుతున్నదానికి పునాది అదే. పన్నెండు అంకెల ఆ నంబరు దేశంలో మరే పశువుకూ ఉండదు. గాలికుంటు టీకా వేసినా, కృత్రిమ గర్భధారణ చేసినా ఆ నంబరు మీదే భారత్ పశుధన్ వ్యవస్థలో ఎక్కిస్తున్నారు. యజమాని పేరూ, ఫోను నంబరూ అందులో ఉంటాయి. అంటే పుస్తకం ఉంది, గిత్తకు సంబంధించిన పేజీలే ఖాళీగా ఉన్నాయి. ఒంగోలు జాతి నమోదు అసలు లేదని కూడా అనలేం. కేంద్ర పశు నమోదు పథకం కింద ఒంగోలులో ఒక యూనిట్ పనిచేస్తూ వచ్చింది. దాని కొలమానం పాల దిగుబడి, అది చూసేది ప్రధానంగా ఆవులను. పాలు కొలవడం అవసరమే. కానీ ఒంగోలు పశువు పేరు తెచ్చుకున్నది పాలతో కంటే బలంతో, ఎండను తట్టుకునే ఒంటితో, నల్లరేగడిలో దిగబడకుండా లాగే కాళ్ళతో. ఆ గుణాన్ని ఏడాది పొడవునా వందల ఊళ్ళలో జనం తమ ఖర్చుతో, టేపు పెట్టి, అంగుళాలతో సహా కొలుస్తున్నారు. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేకుండా తయారవుతున్న ఆ సమాచారాన్ని ప్రభుత్వం తీసుకోవడం లేదు. ఇంత పెద్ద కొలతల పని ఒక పరిశోధన కేంద్రం తలపెట్టాలంటే ఎన్ని కోట్లు కావాలో మీ అధికారులే చెప్పగలరు.

రాసి పెట్టుకున్నవాడికి ఏం దక్కుతుందో తెలియాలంటే బ్రెజిల్ వైపు చూడాలి. ఒంగోలు పశువులు అక్కడికి పందొమ్మిదో శతాబ్దం నుంచే వెళ్ళాయి. నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలుచుకుంటున్నారు. 1960ల మొదట్లో వెళ్ళిన గిత్తల్లో ఒకటి మన ఒంగోలు పక్కన కరవది నుంచి వెళ్ళింది. దాని పేరే అక్కడ కర్వాది. ఉబెరాబా పట్టణంలో జెబూ పెంపకందార్ల సంఘం నడిపే నమోదు పుస్తకాల్లో ఆ గిత్త కొడుకులు, మనవలు, మునిమనవలు పేరుపేరునా ఉన్నారు. ఇప్పటికీ అక్కడి రైతు దూడను కొనేటప్పుడు ఆ పేరు ఎన్నో తరంలో వస్తుందో లెక్క చూసుకుంటాడు. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. గిన్నిస్ బుక్‌లో ఎక్కింది. మన పత్రికలన్నీ మన ఒంగోలు ఆవు అని సంబరంగా రాశాయి. సంబరం సరే. ఆ ధర కండకు వచ్చింది కాదు, ఆ ఆవు తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాటి సంతానం ఎలా పెరిగింది అన్నదానికి ఉన్న లిఖిత రుజువుకు వచ్చింది. అదే రక్తం మన దగ్గరా ఉంది. పల్నాటి కొట్టంలో యజమాని పోయిన నెలకు బేరగాడు చెప్పిన ధరకు అది తరలిపోతోంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. అన్నిటికంటే బరువైనది హింస గురించి. పోటీల పేరుతో పశువులను హింసిస్తున్నారు, వాటికి పుస్తకాలిచ్చి ప్రభుత్వమే ముద్ర వేయాలా అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగేవారి మీద నాకు గౌరవముంది. 2014 మే 7న సుప్రీంకోర్టు నాగరాజ కేసులో జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ నిలిపివేస్తూ చెప్పిన మాటలు కొట్టిపారేయదగినవి కావు. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను సమర్థించింది. ఆ సమర్థన కూడా హింసను తగ్గించే నియమాలు ఉన్నాయన్న నమ్మకం మీద నిలిచిందే. ముల్లుకర్రతో పొడవడం, తోక మెలిపెట్టడం, కరెంటు షాకు పెట్టడం ఎక్కడ జరిగినా తప్పే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద శిక్షించవలసిందే. దీనికి సంప్రదాయమన్న సాకు చెల్లదు. అయితే హింసను పట్టుకోవాలన్నా పశువుకు గుర్తింపు ఉండాలి కదా. ఈ రోజు ఒక పందెంలో ఒంటి మీద గాయాలతో డాక్టరు ఆపేసిన గిత్త వారం తిరక్కుండా మరో జిల్లాలో దిగితే అక్కడి డాక్టరుకు తెలిసే దారి లేదు. పుస్తకంలో ఆ మాట రాసి ఉంటే ట్యాగు నంబరు చూడగానే బయటపడుతుంది. రేపు ఏ కారణం వల్లనైనా పోటీలే ఆగిపోయాయనుకుందాం. అప్పుడు గిత్తను పోషించే కారణం మరింత తగ్గుతుంది, దాని వంశం తెలియవలసిన అవసరం మరింత పెరుగుతుంది. అందుచేత నా విన్నపం పోటీల భవిష్యత్తు మీద ఆధారపడినది కాదు.

రెండో అభ్యంతరం రైతుల నుంచే వస్తుంది. కాగితం వస్తే వెనకాలే పన్ను వస్తుందన్న భయం. బతికున్న పశువుల అమ్మకం మీద జీఎస్టీ లేదు, ఆ సంగతి పుస్తకం మొదటి పేజీలోనే అచ్చు వేస్తే చాలావరకు భయం తీరుతుంది. నమోదు ఇష్టపూర్వకంగానే ఉండాలి. బలవంతం చేస్తే తప్పుడు వివరాలు వస్తాయి. అమ్మిన ధర రాయవలసిన అవసరమూ లేదు. ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకు, ఏ తేదీన మారిందన్నది చాలు.

అబద్ధాలు రాస్తారని అనేవారూ ఉన్నారు. రాస్తారు. ప్రతి యజమానీ తన గిత్త ఫలానా పేరున్న ఆంబోతుకే పుట్టిందంటాడు. అందుకే యజమాని చెప్పినదీ, పరీక్షలో తేలినదీ వేర్వేరు గడుల్లో ఉండాలి. పందెం దూరాన్ని యజమాని రాయకూడదు, కమిటీ కొలిచి, అక్కడున్న పశువైద్యుడు సంతకం పెట్టి ఎక్కించాలి. తల్లిదండ్రుల విషయం రక్తం చుక్కతోనో తోక వెంట్రుకతోనో డీఎన్ఏ పరీక్ష చేసి తేల్చవచ్చు. దేశీయ ఆవు జాతుల జన్యు పరిశీలన కోసం 2024లో గౌ చిప్ అనే సాధనం కూడా వచ్చింది. అందరికీ ఆ పరీక్ష అక్కర్లేదు. జూనియర్, సీనియర్ విభాగాల్లో బహుమతులు గెలిచిన వాటికి చేయించినా పదేళ్ళలో ఒంగోలు మగ పశువుల వంశపటం ఒకటి తయారవుతుంది. విత్తు కొట్టించని గిత్త అయితే దాని వీర్యం సేకరించి నిల్వ చేసే ఆలోచన యజమాని బతికుండగానే చేయవచ్చు. కొట్టించినదైతే దాని తల్లినీ తోడబుట్టిన వాటినీ వెతికి పట్టుకోవచ్చు. ఇప్పుడు ఆ రెండు అవకాశాలూ లేవు.

ఇది పెద్ద రైతులకే లాభమన్న మాట కూడా వినబడుతుంది. నిజానికి పెద్ద రైతుకు పుస్తకం లేకపోయినా నడుస్తుంది. ఆయన పేరే ఆయన గిత్తలకు రుజువు. ఆయన పిల్లలకు సలహా చెప్పేవారుంటారు. రెండెకరాలు కౌలుకు చేసుకుంటూ, అప్పు చేసి ఒక దూడను కొని, దాన్ని నాలుగు పళ్ళ విభాగం దాకా తెచ్చి పోయినవాడి భార్యకు ఆ పుస్తకం అవసరం. ఆమె చేతిలో కాగితం ఉంటే బేరం మొదలయ్యే చోటే మారిపోతుంది.

అన్నిటికంటే సున్నితమైన మాట ఒకటి ఉంది. తండ్రి ప్రాణంగా చూసుకున్న జతను అమ్మడమే పాపమని, ఎలాగోలా పోషించాలని ఊళ్ళో పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాట వెనక ప్రేమ ఉంది, నేను కాదనను. కానీ చేతకాని పోషణ గిత్తకు శిక్ష. కట్టుకొయ్యకు కట్టి ఉంచి, దాణా తగ్గించి, నడక మాన్పించి, తండ్రి గుర్తని దండ వేస్తే అది కాళ్ళు పట్టుకుపోయి కుంగిపోతుంది. తోలగలిగినవాడి దగ్గరకు, మేపగలిగినవాడి దగ్గరకు పంపడమే దాని పట్ల న్యాయం. వారసుడు చేయవలసిన పని దాన్ని అట్టే పెట్టుకోవడం కాదు, దాని గురించి తండ్రికి తెలిసినదంతా కొనేవాడికి అందజేయడం. ఆ పని చేసే సాధనం వారసుడి దగ్గర లేకుండా చేసి, అమ్మినందుకు అతన్ని నిందించడం సరి కాదు.

గిత్త ముసలిదయ్యాక ఏమవుతుందన్నది కూడా దీనితో ముడిపడిన సంగతే. 1977 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం ఎద్దును కోతకు పంపాలంటే అది సేద్యానికీ సంతానానికీ పనికిరాదని ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రం రాసే అధికారికి ముందున్న పశువు ఏమిటో తెలియాలంటే దాని వెనక ఒక పేజీ ఉండాలి. పేరు లేని పశువు ఎన్ని చేతులు మారి ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

మంత్రిగారూ, దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త కార్యాలయం అక్కర్లేదు. గ్రామాల్లో పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు, రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి, ట్యాగు ఉంది, కంప్యూటరులో నంబరు ఉంది. వచ్చే సంక్రాంతి పోటీల నుంచి పల్నాడు ఒక్క జిల్లాలోనే మొదలుపెట్టి చూడండి. పోటీకి పేరు ఇచ్చేటప్పుడే ట్యాగు నంబరు రాయాలని కమిటీలకు చెప్పండి. ట్యాగు లేని గిత్తకు అక్కడికక్కడే వేయండి. పళ్ళు చూసే చోట మీ శాఖ పశువైద్యుడు ఒకరు కూర్చొని, పళ్ళ సంఖ్య, గాయాలు, ఒంటి తీరు రాయాలి. పందెం అయ్యాక దూరం ఎక్కించాలి. యజమాని చనిపోతే మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం చూపించి, రైతు సేవా కేంద్రంలోనే, రుసుము లేకుండా, వారసులందరి పేర్లూ పుస్తకంలోకి రావాలి. భార్య, కొడుకులు, కూతుళ్ళు అందరి సంతకాలూ ఉంటేనే కొన్నవారి పేరుకు మారాలి. కంబైన్డ్ జత అయితే రెండో గిత్త ట్యాగు నంబరు, దాని యజమాని సంతకం అదే పేజీలో ఉండాలి.

పుస్తకం పెద్దదిగా ఉండనక్కర్లేదు, గిత్తకు ఒక పేజీ చాలు. పైన ట్యాగు నంబరు, పుట్టిన ఊరు, పుట్టిన నెల, తల్లి ట్యాగు, తండ్రి ట్యాగు, తెలియకపోతే తెలియదని. ఆ కింద పందేల వరసలు: తేదీ, ఊరు, విభాగం, బండ బరువు, దూరం, డాక్టరు సంతకం. చివర్న యజమాని తన చేత్తో రాసుకునే నాలుగు వరసల ఖాళీ వదలండి. గిత్త ఎలపటదా దాపటదా, ఏ దాణా పడదు, ఏ కాలికి దెబ్బ తగిలింది, ఏ పిలుపుకు కదులుతుంది అన్నది రాయడానికి. నమూనా పత్రం తయారు చేయమని మీ శాఖ సంచాలకులకు ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. దాన్ని సరిదిద్దే పనిలో పల్నాటి పశుపోషకులనూ, పోటీల కమిటీలనూ, తోలేవారినీ కూర్చోబెట్టండి.

ఇట్లు,
పల్నాటి పశుపోషకుల మేలు కోరే ఒక పౌరుడు,
ముప్పాళ్ళ, పల్నాడు జిల్లా